రెండో రోజు పొంగు

మార్చి 2, సాయంత్రం 5:10

లేదత్తా, నేనేం భయపడట్లేదు. నువ్వు అడగలేదనుకో, అయినా ముందే చెప్తున్నా.

బేకరీ వెనకాల పిండి బస్తాల మీద కూర్చుని కొడుతున్నా ఈ మెసేజు. నోటితో అయితే నాకు రెండు ముక్కలు కూడా రావు, నీకు తెలుసుగా. మాటలు మింగేస్తానని మా బేకరీ మేస్త్రి నన్ను గుటక అంటాడు. ఫోన్లో అయితే వేళ్ళు ఆగవు. ఆరో క్లాసులో బడి మానేసినోడు ఇంతింత ఉత్తరాలా అని నవ్వకు.

సంగతేంటంటే పెద్దాయన కనబడట్లేదంట. దేశం మొత్తానికి పెద్దాయన, ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదంట! రేడియోలో పొద్దున్నించీ బాజాలే, వార్తల్లేవు. రోడ్ల మీద లారీలు ఆపేశారు. పిండి అయితే మాకు నెలకి సరిపడా ఉంది. ఈస్ట్ తెచ్చే వ్యానే రాలేదు. ఈస్ట్ ఫ్యాక్టరీకి తాళం వేసి అందరూ ఊరేగింపుకి పోయారంట. మా దగ్గర ఏడు పొట్లాలున్నాయి. రోజుకి ఒకటి పడుతుంది. అవి అయిపోతే షట్టర్ దించేస్తా అన్నాడు మేస్త్రి. ఈ చుట్టుపక్కల ఇంకో బేకరీ లేదు. నాకు ఇంకో పని రాదు.

అయినా భలే ఉందత్తా! వీధి వీధంతా బయటే ఉంది. ఎప్పుడూ మాట్లాడుకోని వాళ్ళు కూడా మెట్ల మీద కూర్చుని కబుర్లు. నాయనమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నిట్లో నీళ్ళు పట్టేసింది, టీ కప్పులతో సహా. ఉప్పు డబ్బా దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. ఎందుకు నాయనమ్మా అంటే "లేనప్పుడు తెలుస్తుందిరా దాని రుచి" అంది.

అన్నట్టు నువ్వు ఈస్ట్ లేకుండా బ్రెడ్ చేసేదానివని తనే చెప్పింది. నిజమా? ఎలా? తొందరగా చెప్పు, మేస్త్రి పిలుస్తున్నాడు.

నీ గుటక


మార్చి 2, సాయంత్రం 6:30

ఒరేయ్ అల్లుడూ,

అడక్కముందే భయం లేదన్నోడికి ఎంత భయమో నాకు తెలీదా? నేను మాత్రం తక్కువా? ఆస్పత్రి వంటింట్లో అందరికీ ధైర్యం చెప్పి, ఇంటికెళ్తూ దారిలో పదకొండు సబ్బులు కొన్నా. పదకొండు! ఒంటిదాన్ని, ఏనుగుని తోమాలా ఏంటి? కొన్నాక కాస్త గుండె కుదుటపడింది, అబద్ధమెందుకు.

నిజమే నాన్నా, చేసేదాన్ని. మీ మేస్త్రీ నేనూ ఒకే బట్టీ దగ్గర పని నేర్చుకున్నాం. పొట్లాలొచ్చాక ఆయన అన్నీ మర్చిపోయాడు, పొట్లం చింపడం తప్ప. ఆ మాట నేనన్నానని చెప్పు.

పెరుక్కి తోడు ఉన్నట్టే బ్రెడ్డుకీ తోడు ఉంటుంది. మైదా వద్దు, పొట్టు తియ్యని గోధుమ పిండి తీసుకో. గుప్పెడు పిండి, అన్నే నీళ్ళు, గాజు సీసాలో కలిపి పల్చటి గుడ్డ కట్టు. బట్టీ దగ్గర పెట్టు, మరీ ఆనించకు. రోజూ పొద్దున సగం తీసి పారేసి, తీసినంత కొత్త పిండీ నీళ్ళూ కలుపు. అంతే. ఆరు రోజులు పట్టొచ్చు, ఎనిమిదీ పట్టొచ్చు, దాని ఇష్టం. తొందరపెడితే అలుగుతుంది, అప్పట్లో మీ మావయ్య అలిగినట్టు.

ఇంకో మాట. బయట గుంపుల్లోకి వెళ్ళావని తెలిసిందా, కాళ్ళు విరగ్గొడతా. మా అమ్మని జాగ్రత్తగా చూసుకో.

ఉంటా, గంజి పొంగుతోంది.
అత్త


మార్చి 3, మధ్యాహ్నం 2:20

అత్తోయ్,

పెట్టేశా! మూత పగిలిన పచ్చ గాజు సీసా ఒకటి ఉంటే అందులో పెట్టా. నిన్న సాయంత్రం నించీ ఇప్పటికి పదమూడు సార్లు చూశా. ఏం లేదు, పిండీ నీళ్ళే.

సగం పారెయ్యమన్నావు కదా. దాంతో పెద్ద గొడవైంది. మేస్త్రి చూస్తే తంతాడని సీసా ఇంటికి తీసుకెళ్ళా, అక్కడ నాయనమ్మ పట్టుకుంది. "దేశం అల్లకల్లోలమై పోతుంటే పిండి మోరీలో పోస్తావురా దరిద్రుడా!" అని చేతిలో గిన్నె లాగేసుకుంది. అత్త చెప్పింది అన్నా. "అది చిన్నప్పట్నించీ అంతే, అన్నం కూడా సగం వదిలేసేది" అంది. ఆ సగాన్ని పెనం మీద పోసి కాల్చి తినేసింది. ఎలా ఉందని అడిగితే ఒక కన్ను మూసుకుని నమిలింది.

నువ్వన్న మాట మేస్త్రికి చెప్పా. "మీ అత్త ఇంకా బతికే ఉందా" అన్నాడు. తర్వాత చాలాసేపు నవ్వుకున్నాడు ఒక్కడే. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూళ్ళా.

ఇవాళ క్యూ కిళ్ళీ కొట్టు దాకా ఉంది. రోజూ ఒకటి కొనేవాళ్ళు మూడు అడుగుతున్నారు. పొట్లాలు ఆరు.

గుటక


మార్చి 4, ఉదయం 10:15

అత్తా వచ్చింది!!!

పొంగింది! ఒట్టు! పొద్దున చూస్తే సీసాలో సగానికి ఉన్నది పై దాకా వచ్చి గుడ్డని తోస్తోంది. లోపలంతా బుడగలు, చిన్నవీ పెద్దవీ. చెవి పెట్టి వింటే చిటపటమంటోంది. రెండు రోజులకే! నువ్వు ఆరన్నావు, నా చెయ్యి మంచిదేమో అత్తా!

మేస్త్రికి చూపించా. వేలు పెట్టాడు, వాసన చూశాడు, నన్ను చూశాడు. "ఇదెక్కడిదిరా" అన్నాడు. అప్పుడు చెప్పా అంతా. ఆ మనిషి నా భుజం మీద కొట్టాడు, ఇప్పటికీ మండుతోంది. క్యూలో వాళ్ళకి చెప్పేద్దాం, పాపం హడిలిపోయి ఉన్నారు అంటున్నాడు. పొట్లాలు దాచుకోవడం దేనికిక, రేపట్నించి రెండేసి వాడదాం, అందరికీ సరిపడా చేద్దాం అంటున్నాడు. పిలుస్తున్నాడు, వెళ్తున్నా.


మార్చి 4, మధ్యాహ్నం 1:40

అత్తా అత్తా అత్తా,

నేను జనం ముందు బల్లెక్కి అరిచా! నేను! నోరు తడబడలా. రెండొందల మంది ఉంటారు. "ఎవరూ భయపడకండి, ఏం జరిగినా మనం ఆగం" అన్నా. అందరూ చప్పట్లు. ఒకాయన నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. కుట్టుమిషన్ ఆవిడ ఏడ్చేసింది. జన్మలో ఇలా ఉండలేదు అత్తా నాకు. ఒళ్ళంతా ఏదోలా ఉంది. మింగెయ్యడం మానేశా ఇక!

నీ అల్లుడు


మార్చి 4, మధ్యాహ్నం 2:05

అల్లుడూ,

ఒక సంగతి చెప్పడం మర్చిపోయా, గుర్తొచ్చి గరిటె వదిలేసి రాస్తున్నా. రెండో రోజో మూడో రోజో బుసబుసా పొంగుతుంది. నమ్మకు. అది అసలుది కాదు. పిండిలో ఉండే అల్లరి మూక అది, ముందొచ్చి హడావిడి చేసి పోతుంది. దాంతో బ్రెడ్ చేస్తే ఇటుకే. ఆ తర్వాత రెండు మూడు రోజులు చచ్చినట్టు పడుంటుంది, కంపు కూడా కొడుతుంది. భయపడి పారెయ్యకు. అసలుది అప్పుడే లోపల్లోపల కూడుకుంటుంది. రోజూ మేత వేస్తూ ఉండు.

ఎవరికీ అప్పుడే చెప్పకు. నీకు చెప్పే అలవాటు లేదులే, ఆ ధైర్యంతోనే ఉన్నా.

అందినట్టు ఒక్క ముక్క కొట్టు. ఇందాకట్నించీ ఒక్క గీతే వస్తోంది సిగ్నలు.
అత్త


మార్చి 5, సాయంత్రం 4:00

అత్తా, నెట్‌వర్క్ లేదు. నిన్న మధ్యాహ్నం నించీ ఊరంతా పోయింది, కావాలనే తీసేశారంటున్నారు. ఇది పోదని తెలుసు, అయినా కొడుతున్నా. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పడిపోయింది. పొద్దున చూస్తే మళ్ళీ కిందకి దిగిపోయి ఉంది. ఒక్క బుడగ లేదు. పైన నీళ్ళు తేలాయి. వాసన చూసి నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పిండేశా, నీళ్ళేశా, బట్టీకి దగ్గరగా పెట్టా, దూరంగా పెట్టా. ఏం చేశానో తెలీట్లేదు. చెయ్యి కడుక్కోకుండా ముట్టుకున్నానా? మేస్త్రి వేలు పెట్టినందుకా?

మేస్త్రికి చెప్పలా. రెండు పొట్లాలు చింపేశాడు ఇవాళ, ఈలేసుకుంటూ. మూడే ఉన్నాయి. వీధిలో నన్ను చూసి అందరూ "ఏం గుటకా, సీసా ఎలా ఉంది" అంటున్నారు. బాగుంది అంటున్నా. ఒక్కొక్కడికీ బాగుంది అని చెప్పలేక వెనక సందులోంచి వస్తున్నా.

నువ్వు ఎందుకు మాట్లాడట్లేదో నాకు తెలుసు, నెట్‌వర్క్ లేకే. కానీ నీకు కోపమొచ్చిందేమో అనిపిస్తోంది.


మార్చి 6, ఉదయం 9:30

నువ్వు నా చేతికి దొరికితే చీపురు విరిగేదాకా కొడతా.

ఇప్పుడే సిగ్నలొచ్చింది. నీది ఒకటే మెసేజ్ వచ్చింది. బల్లెక్కి అరిచావా? రెండొందల మంది చప్పట్లా? భుజాలెక్కి ఊరేగావా? నేను ఏం చెప్పా నీకు? మీ తాత కూడా ఇలాగే ఒకసారి బల్లెక్కి "మనం ఆగం" అన్నాడు. మూడు నెలలు ఎక్కడున్నాడో తెలీలేదు, వచ్చాక రెండు పళ్ళు లేవు. అమ్మకి ఆ మూడు నెలలూ మళ్ళీ చూపిద్దామనా?

జన్మంతా నోరు తెరవనోడివి, తెరవడానికి ఈ వారమే దొరికిందా? ఇంట్లో కూర్చో. గడప దాటకు. బేకరీకి కూడా వద్దు. ఆ మేస్త్రిని నాకు ఫోన్ చెయ్యమను. ఆయనే పంపి ఉంటాడు నిన్ను, ముందున్నట్టే ఉన్నాడు బుద్ధిలేనోడు.

రెండ్రోజుల్నించీ నిద్ర లేదు నాకు. బతికున్నానని రాయి చాలు.


మార్చి 6, ఉదయం 9:50

అయ్యో అత్తా! అది ఊరేగింపు కాదు, బ్రెడ్డు క్యూ!

అంతకుముందు ఇంకో మెసేజ్ పెట్టా, అది నీకు రాలేదు. సీసా పొంగింది, మేస్త్రి చెప్పమన్నాడు, బన్నుల బల్ల మీద ఎక్కి "ఈస్ట్ అయిపోయినా బ్రెడ్ ఉంటుంది" అని చెప్పా. అంతే. మనం ఆగం అంటే బేకరీ ఆగదని. పెద్దాయన గురించి నాకేం తెలుసు?

నీ నాలుగో తారీఖుది ఇప్పుడే వచ్చింది. రెండో రోజు పొంగు నమ్మకు అన్నది. అత్తా, నేను నమ్మేశా. నేను నమ్మడమే కాదు, రెండొందల మంది చేత నమ్మించా. వాళ్ళు ఇంట్లో ఉన్నవి తినేస్తున్నారు, గుటక చెప్పాడుగా అని. మేస్త్రి రోజుకి రెండు పొట్లాలు వాడేశాడు. ఇవాళ కూడా రెండు. ఒకటే ఉంది. రేపటికి అయిపోతుంది.

సీసా చచ్చినట్టు పడుంది. కంపు. అది నువ్వు చెప్పినట్టు పడుందా, నిజంగానే పోయిందా? ఎలా తెలుస్తుంది?

నేను కావాలని చెప్పలేదత్తా.


మార్చి 6, ఉదయం 11:15

నాన్నా,

క్యూ అని ముందు ముక్క రాయొచ్చుగా, నా ప్రాణం నా దగ్గరుండేది. వంటింట్లో అందరికీ చెప్పేశా మా అల్లుడు ఉద్యమంలో చేరాడని. కూరలు తరిగే పిల్ల నిన్ను పెళ్ళి చేసుకుంటానంది. ఇప్పుడు బన్నుల బల్ల అని ఎలా చెప్పను?

సరే, విను. కంపు ఎలా ఉంది? తడి సాక్సులా ఉంటే ఫరవాలేదు. పైన ఎర్రగా గానీ బూజు గానీ ఉంటేనే పోయినట్టు. లేకపోతే బతికే ఉంది. మేత మానకు. రోజుకి ఒకసారి బదులు రెండుసార్లు వెయ్యి. కాస్త పుల్లటి వాసన, పండు వాసన, ఆ మొదటి కంపుని తోసేస్తూ వస్తుంది చూడు. అప్పటిదాకా బుడగలకేసి చూడకు, వాసన చూడు.

రెండోది. తప్పు నాది కూడా, ముందే చెప్పాల్సింది. కానీ అక్కడ నేను లేను, నువ్వున్నావు. ఎవరి నోటితో ఉందన్నారో ఆ నోటితోనే లేదని చెప్పాలి. ఇవాళే చెప్పు. రేపు షట్టర్ దగ్గరకొచ్చి తెలుసుకుంటే నిన్ను కాదు, ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటారు.

బల్ల ఎక్కడం వచ్చేసిందిగా.
అత్త


మార్చి 7, మధ్యాహ్నం 12:30

అత్తా,

నిన్న చెప్పలేకపోయా. రెండుసార్లు బల్ల ఎక్కా, రెండుసార్లూ దిగా. ఇవాళ చెప్పా.

ముందు మేస్త్రికి చెప్పా. ఆఖరి పొట్లం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "పదేళ్ళైంది ఈ షట్టర్ పగలు దించి" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

బయటికొచ్చి ఎక్కా. నన్ను చూడగానే చప్పట్లు మొదలెట్టారత్తా. అది అన్నిటికన్నా కష్టం. అవి ఆగేదాకా ఆగి చెప్పా. "నేను చెప్పింది తప్పు. సీసా పొంగింది, కానీ అది అసలు పొంగు కాదంట, నాకు తెలీదు. ఈస్ట్ ఇవాళ్టితో ఆఖరు. రేపట్నించి బ్రెడ్ లేదు. సీసా ఇంకా చావలేదు. ఎప్పుడు లేస్తుందో తెలీదు. లేచిన రోజు నేనే వచ్చి చెప్తా."

అప్పుడు టాక్సీ ఆయన, మొన్న నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడే, ఆయనే, "నీ మాట నమ్మి మా ఆవిడ ఉన్న బిస్కెట్లన్నీ పక్కింటి పిల్లలకి పెట్టేసిందిరా!" అని అరిచాడు. వెనకాల ఇంకెవరో "ఆ సీసా నువ్వే తాగు" అన్నారు. తోపులాట మొదలైంది. నేను మళ్ళీ మాట మింగేశా.

కుట్టుమిషన్ ఆవిడ గట్టిగా "ఆగండి! ఈ వారంలో తప్పైందని ఒప్పుకున్న మొదటి మగాడు వీడు, కాస్త చూడనివ్వండి" అంది. కొంతమంది నవ్వారు. ఒక చిన్నపిల్ల "సీసా చూపిస్తావా" అంది. తెచ్చి ఇచ్చా. అది క్యూ మొత్తం తిరిగిందత్తా! ఒక్కొక్కళ్ళూ వాసన చూడ్డం, మొహం తిప్పుకోవడం, పక్కోళ్ళకి ఇవ్వడం. "ఇది మా బావమరిది సాక్సే, ఎక్కడున్నా గుర్తుపడతా" అన్నాడు టాక్సీ ఆయనే. నాకు ఊపిరొచ్చింది.

ఆఖరి బ్రెడ్లు సగాలు కోసి ఇచ్చాం. తోసుకోలేదు ఎవరూ.

ఇప్పుడే సీసాకి మళ్ళీ మేత వేశా.

గుటక


మార్చి 8, సాయంత్రం 5:45

అత్తా,

షట్టర్ దించే ఉంది. అయినా మేస్త్రి వచ్చాడు. నేనూ వెళ్ళా. ఇద్దరం మూసిన షట్టర్ ముందు కుర్చీలేసుకుని కూర్చున్నాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగి సీసా సంగతి అడిగిపోయారు. బడి మాస్టారు తన దగ్గరున్న వేడి కొలిచే గొట్టం తెచ్చి సీసా పక్కన పెట్టి వెళ్ళాడు. ఎవరింట్లోనూ బ్రెడ్ లేదు, అందరి నోట్లోనూ సలహానే.

రేడియోలో వార్తలు మొదలయ్యాయి. పెద్దాయన వెళ్ళిపోయిన మాట నిజమేనంట. ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నారంట. లారీల మాట మాత్రం ఎవరూ ఎత్తట్లా. టాక్సీ ఆయన టపాకాయలు కాలుద్దామన్నాడు. మేస్త్రి సీసాకేసి చూసి "ఇది ఎన్నో రోజురా" అని నన్ను అడిగాడు. ఆరు అన్నా. "వాళ్ళకి ఇవాళ మొదటి రోజు, ఆగు" అన్నాడు టాక్సీ ఆయనతో.

కంపు తగ్గిందత్తా. నిమ్మకాయ తొక్క వాసనలా ఏదో ఉంది. నాకే అనిపిస్తోందా?


మార్చి 9, మధ్యాహ్నం 3:00

అత్తా! ఎవ్వరికీ చెప్పలేదు, నీకే!

లేచింది. పొద్దున ఎనిమిదికి మేత వేసి, సీసాకి దారం కట్టి గుర్తు పెట్టా. పదకొండుకి దారం దాటింది. పన్నెండుకి రెండింతలు. ఈసారి బుసబుస కాదు, నెమ్మదిగా, ఎవరో లోపల్నించి వీపుతో తోస్తున్నట్టు. మేస్త్రి, నాయనమ్మ, నేను ముగ్గురం గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. నాయనమ్మ చేత్తో దిష్టి కూడా తీసింది.

ఇది నిజమేనా? మళ్ళీ నమ్మనా? నువ్వు చెప్పేదాకా నోరు తెరవను.


మార్చి 9, మధ్యాహ్నం 3:20

ఒరేయ్ బంగారం,

చిటికెడు తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యి. మునిగితే ఇంకా రాలేదు. తేలితే వచ్చింది. తేలిందా, ఇక ఆలస్యం చెయ్యకు. పెద్ద గిన్నెలోకి మార్చి మేత పెంచు, సాయంత్రానికి మళ్ళీ పెంచు. మొత్తం వాడెయ్యకు, కాస్త దాచు. పిండి కలిపాక పొట్లం పిండిలా గంటలో లేవదు, రాత్రంతా పడుకోనివ్వాలి. మేస్త్రికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, కానీ తెలీనట్టు మొహం పెడతాడు. నువ్వే చెప్పు, వింటాడు.

నేనూ ఇక్కడ ఆస్పత్రి వంటింట్లో ఒక సీసా పెట్టా. రెండో రోజు. పొంగింది. కూరలు తరిగే పిల్ల గంతులేస్తుంటే రెక్క పట్టుకుని కూర్చోబెట్టా.

తేలిందో లేదో చెప్పు, గంజి మాడినా సరే ఫోన్ చేతిలోనే పెట్టుకుంటా.
అత్త


మార్చి 10, ఉదయం 6:50

తేలిందత్తా!

నిన్న తేలింది, నీకు రాద్దామంటే చేతులు ఖాళీ లేవు. ఇప్పుడే బట్టీలోంచి తీశాం. పైన గోధుమ రంగు, పక్కల పగుళ్ళు, వేలితో కొడితే డొల్ల చప్పుడు. మేస్త్రి ఒకటి విరిచి తిన్నాడు. కాస్త పుల్లగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. "మీ అత్త చేసిందే ఇది" అన్నాడు. నేను చేశా అన్నా. గట్టిగానే అన్నా.

ఎలా తెలిసిందో తెలీదు, నేనింకా ఎవరికీ చెప్పనేలేదు, వాసనకే అనుకుంటా, షట్టర్ అవతల అప్పుడే జనం. కింద సందులోంచి కాళ్ళు లెక్కపెట్టా. నూటయాభై మంది దాకా ఉన్నారు. తోడు ఉన్నదాంతో నలభై ఆరు బ్రెడ్లే అయ్యాయి. రేపు ఇంకా ఎక్కువ వస్తాయి, ఇవాళ ఇంతే.

నాలుగేసి ముక్కలు కోస్తే అందరికీ తలో ముక్క వస్తుంది, ఇంకా ముప్పై ముక్కల దాకా మిగులుతాయి కూడా. కానీ ఇంట్లో ఆరుగురున్నోళ్ళకీ ముక్కే, ఒంటిగా ఉన్నోళ్ళకీ ముక్కేనా? ముందొచ్చినోళ్ళకి ముందంటే, నడవలేక వెనక నిలబడ్డ ముసలాళ్ళ సంగతి? పిల్లలున్నోళ్ళకి ముందంటే, బిస్కెట్లు పెట్టేసిన టాక్సీ ఆయనకి పిల్లల్లేరు. మేస్త్రిని అడిగితే "వాళ్ళు నీ మాట మీద వచ్చారు, నువ్వే చెప్పు" అంటున్నాడు.

బల్ల మీద నిలబడ్డా అత్తా. కత్తి చేతిలో ఉంది. షట్టర్ ఎత్తుతున్నాడు.

నువ్వైతే ఎలా పంచుతావు?